పుట్టబోయే బిడ్డకు ముందు ఏం కొనాలి? - అమ్మీ సందూఖ్ చెప్పిన తారీఖ్



పోయిన నెల ఒక ఇత్వార్ పొద్దున మా భాంజీ వచ్చింది. మేముండేది లింగంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రెండో అంతస్తు. తనకి ఏడో నెల. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా కూర్చుని, నీళ్ళు తాగి, పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. "మామూ, నారాజ్ కావద్దు. ఒకసారి చూడండి" అంది.

అది లిస్టు. ప్రైవేటు ఆసుపత్రి ప్యాకేజీ 55 వేలు. సత్వాన్సా దావత్ 20 వేలు. అఖీఖా 20 వేలు. ఝూలా, తోపుడు బండి, పాల సీసాలు, వాటిని ఉడకబెట్టే మిషను, డైపర్లు, బేబీ సెట్లు అన్నీ కలిపి 19 వేలు. అడుగున గీత గీసి టోటల్ రాసింది: 1,14,000.

"ఇంట్లో ఉన్నదెంత బేటా?"

"పద్దెనిమిది వేలు."

"మిగతాది?"

"ఫైనాన్సు వాళ్ళు ఇస్తామన్నారు. జామీన్ సంతకం కావాలంట. మిమ్మల్ని అడగమని అమ్మీ పంపింది."

వాళ్ళాయన రాత్రిపూట హైటెక్ సిటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. బండి కిస్తు పోగా మిగిలేది ఇంటి కిరాయికి, బియ్యానికి సరిపోతుంది. ఈ పిల్ల కూడా ఐదో నెల దాకా అక్కడే ఒక బిల్డింగులో హౌస్ కీపింగ్ చేసింది. మా చెల్లెలు, అంటే వాళ్ళమ్మ, ఫోన్లో చెప్పింది ఒకటే మాట: "భాయ్‌జాన్, మొదటి కాన్పు. మైకేవాళ్ళం ఏం పెట్టలేదని అత్తగారి తరఫువాళ్ళు అనుకుంటే నా బిడ్డ ముఖం ఏమవ్వాలి?"

నేను సంతకం పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు. లోపలికి వెళ్ళి మంచం కింద నుంచి అమ్మీ సందూఖ్ లాగాను.

అమ్మీ పోయి ఆరేళ్ళు. ఆ రేకు పెట్టెలో పైన ఒక గోదడీ ఉంటుంది. పాత చీరలు నాలుగు పొరలు పరిచి చేత్తో కుట్టిన బొంత. దాని కింద ఐదారు జుబ్బాలు. మెత్తటి పాత లుంగీ గుడ్డతో కుట్టినవి, గుండీలు లేవు, తాళ్ళే. నేను వేసుకున్నాను, నా చెల్లెలు వేసుకుంది, గల్లీలో ఇంకా ఎంతమంది వేసుకున్నారో అమ్మీకే లెక్క తెలీదు. ఇచ్చేది, ఉతికి తిరిగి తెచ్చుకునేది. అన్నిటికంటే అడుగున, కాగితంలో చుట్టి, ఒక ఎర్ర సాటిన్ జోడా ఉంటుంది. జరీ అంచు, దానికి టోపీ. కొత్తగా ఉంటుంది. ఎందుకంటే దాన్ని వేసుకోవాల్సిన బిడ్డ ఒక్కసారే వేసుకుంది.

ఆ బిడ్డ నా అక్క. 1977లో పుట్టింది. ఎనిమిది రోజులు బతికింది.

అమ్మీ మైకా శంకర్‌పల్లి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది రివాజ్. సత్వాన్సా ఘనంగా చేశారు. నానా కర్జ్ తెచ్చి మేకను కొన్నారు, ఏడో రోజు అఖీఖా కోసం. ఝూలా చేయించారు. చాందీ కడియాలు తెచ్చారు. దాయీ వచ్చి కాన్పు చేసింది. ఆడపిల్ల, మంచి బరువు, మంచి ఏడుపు. ఏడో రోజు పొద్దున తల వెంట్రుకలు తీశారు, ఆ ఎర్ర జోడా తొడిగారు. మధ్యాహ్నానికి బిడ్డ పాలు పట్టడం మానేసింది. దవడ బిగుసుకుంది. ముట్టుకుంటే చాలు, ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. మర్నాడు అసర్ నమాజ్ వేళకు అయిపోయింది.

"సామాన్ అంతా ఉండె రా. సూది ఒక్కటి లేకుండె" అనేది అమ్మీ. ముసలితనంలో కూడా అదే మాట.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. తారీఖ్ అంటే చరిత్ర కూడా. డాక్టరు ఇచ్చిన తారీఖ్ పట్టుకుని మా భాంజీ వచ్చింది. నేను ఆ రోజు తనకు రెండో తారీఖ్ చెప్పాను. మన ఇళ్ళలో పుట్టబోయే బిడ్డ కోసం ఇంతెజామ్ అంటే ఏమిటి, అది ఎలా మారింది అన్న కథ. మీకూ అదే చెప్తున్నాను.

ఏలూరు మనిషి రాసిన కితాబ్

మన రివాజుల గురించి పుస్తకంగా రాసిన తొలి మనుషుల్లో ఒకాయన మన తెలుగు నేల మీదే పుట్టారు. పేరు జాఫర్ షరీఫ్. ఊరు ఏలూరు. ఆయన రాసిన 'ఖానూనె ఇస్లాం'ను మద్రాసు సర్కారులో సర్జన్‌గా ఉన్న హెర్క్‌లాట్స్ ఇంగ్లీషు చేయగా 1832లో లండన్‌లో అచ్చయింది. దక్కన్ ముసల్మాన్లు పుట్టుక నుంచి చావు దాకా ఏమేం చేస్తారో అందులో ఉంది. మొదలయ్యేదే గర్భిణి దగ్గర్నుంచి. ఏడో నెల సత్వాన్సా, కాన్పు, పేరు పెట్టడం, ఆరో రోజు ఛట్టీ, నలభై రోజుల చిల్లా, అఖీఖా, తీసిన వెంట్రుకల ఎత్తు చాందీ ఖైరాత్.

దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటి ఆ ఫిహ్రిస్త్‌ను మా భాంజీ లిస్టు పక్కన పెట్టి చూస్తే, సత్వాన్సా, అఖీఖా రెండూ అందులో ఉన్నాయి. అంటే ఈ ఖర్చులు మాల్స్ వచ్చాక పుట్టినవి కాదు. పాత ఖర్చులే. ఒక్కటి మాత్రం గమనించండి. ఇందులో అఖీఖా సున్నత్. అది కూడా స్తోమత ఉన్నవాళ్ళకే, కర్జ్ చేసి చేయాల్సింది కాదు. సత్వాన్సా, ఛట్టీ దీన్ చెప్పినవి కావు, ఈ మట్టి నుంచి వచ్చినవి. పక్కింటి తెలుగువాళ్ళ శ్రీమంతం, పురుడు, బారసాల ఒకవైపు, మన సత్వాన్సా, ఛట్టీ ఇంకోవైపు. ఒకే వాకిట్లో పెరిగిన అక్కాచెల్లెళ్ళ లాంటివి. నేను వాటిని తప్పు పట్టడం లేదు. ఆడవాళ్ళు గుమిగూడి ఢోలక్ కొట్టి జచ్చగీరియాఁ పాడుకునే రాత్రి ఒక భయపడే పిల్లకు ఎంత ధైర్యమో నాకు తెలుసు. ఆ ధైర్యానికి ఢోలక్ చాలు. ఇరవై వేల దావత్ అక్కర్లేదు.

ఆ జమానాలో బీదింటి ఇంతెజామ్ ఎక్కువ భాగం కొనేది కాదు, చేరేది. గోదడీ చీరలు అత్త ఇచ్చేది. జుబ్బాలు పక్కింటి నుంచి వచ్చేవి. ఝూలా అంటే దూలానికి కట్టిన చీరే. తల్లి కోసం అచ్వానీ, హరీరా, సోంఠ్, గోంద్ లడ్డూ చేసే చేతులు నాలుగిళ్ళ నుంచి వచ్చేవి. చిల్లా నలభై రోజులూ బాలింతకు పొయ్యి దగ్గరికి పోయే పని ఉండేది కాదు. ఇది మంచి సంగతి. దీన్ని పోగొట్టుకుని, దాని బదులు దుకాణం నుంచి తోపుడు బండి తెచ్చుకుంటున్నాం.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇంత ప్రేమతో ఎదురుచూసిన బిడ్డలు చాలామంది బతకలేదు.

దాయీ, బ్లేడు, ఎనిమిదో రోజు

నా అక్కను తీసుకెళ్ళిన జబ్బు ధనుర్వాతం. దాని క్రిమి మట్టిలో, పేడలో, తుప్పులో ఉంటుంది. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోసినా, కోసిన చోట బూడిదో ఇంకేదో అద్దినా లోపలికి పోతుంది. మూడో రోజు నుంచి రెండు వారాల లోపు బయటపడుతుంది. ముందు బిడ్డ పాలు పట్టడం మానేస్తుంది, తర్వాత ఒళ్ళు బిగుసుకుంటుంది. దక్కన్‌లోనే కాదు, హిందుస్తాన్ అంతా ఇళ్ళల్లో దీన్ని జిన్నుల పని అనుకున్నారు, నజర్ అనుకున్నారు.

శంకర్‌పల్లి దాయీ మీద అమ్మీకి ఏనాడూ కోపం లేదు. నాకూ లేదు. ఒక చీర, శేరు బియ్యం తీసుకుని అర్ధరాత్రి లేచి వచ్చిన మనిషి ఆమె. ఆ జమానాలో పేద ఆడదానికి ఆమె తప్ప దిక్కు లేదు. తనకు చేతులున్నాయి, తజుర్బా ఉంది. చేతులు కడుక్కోవాలని, బ్లేడు ఉడకబెట్టాలని నేర్పినవాళ్ళు లేరు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి ధనుర్వాతం సూది పడితే ఆ రక్షణ బిడ్డకూ చేరుతుందన్న మాట ఆ ఇంటికి చేరలేదు.

ఆ సూది ఇవాళ ప్రతి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ముఫ్త్. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఖరారు చేసింది. ఆ వార్త పేపర్లో ఓ మూలకి వచ్చింది. నేనే డెస్కులో కూర్చుని దానికి హెడ్డింగ్ పెట్టాను. ఇంటికొచ్చి అమ్మీకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అందరి పిల్లలకీ వేస్తారా?" అని మాత్రం అడిగింది.

మన జబానులో డాక్టరీ

హైదరాబాద్‌లో డాక్టరీ చదువు 1846లో మొదలైంది. నాసిరుద్దౌలా జమానా. మొదట్లో ఆ మెడికల్ స్కూల్లో పాఠాలు ఉర్దూలో చెప్పారు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. అయితే డాక్టర్లు తయారైనంత మాత్రాన ఆడవాళ్ళకు వైద్యం అందదు. పరదాలో ఉన్న ఆడది మగ డాక్టరు ముందుకు రాదు. కాబట్టి ఆడ డాక్టరు కావాలి.

అదే స్కూలు నుంచి 1889లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి పట్టా తీసుకుంది. క్లోరోఫాం ఇవ్వడంలో పేరు తెచ్చుకుంది. మత్తు వైద్యంలో లోకంలోనే తొలి మహిళల్లో ఒకరిగా ఆమె పేరు చెప్తారు. కోత లేకుండా కాన్పు కానప్పుడు తల్లిని నొప్పి తెలియకుండా పడుకోబెట్టే ఆ విద్య మన షహర్‌లో ఒక ఆడమనిషి చేతికి అంత తొందరగా వచ్చింది.

తర్వాత మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రి. దానికి 1906లో పునాది రాయి వేసింది వేల్స్ యువరాణి, తర్వాత ఇంగ్లండ్ రాణి అయిన మేరీ. అప్పుడు గద్దె మీద మహబూబ్ అలీ ఖాన్ ఉన్నారు. జనం దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకోలేదు. జచ్గీఖానా అన్నారు. బాలింతల ఇల్లు అని. ఆ మాట ఇప్పటికీ పాత షహర్ ఆటోవాళ్ళకు తెలుసు. ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా కట్టిన ఆ ఆసుపత్రిలో బీదది పైసా లేకుండా, పరదా పోకుండా కాన్పు కావచ్చు. "ఆసుపత్రికి పోతే చస్తారు" అనే భయం పోవడానికి మాత్రం ఇంకో రెండు తరాలు పట్టింది. మా నానీ దాటలేని గడప అదే.

ఒక పనిమనిషి, ఒక షహజాదీ

నీలోఫర్ పేరు తెలియని ఇల్లు మనలో ఉండదు. ఆ పేరు వెనక మనిషి చాలామందికి తెలియదు. ఆమె 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టిన ఉస్మానియా ఖాందాన్ బిడ్డ. సల్తనత్ పోయాక దేశం వదిలి ఫ్రాన్స్ చేరారు. 1931లో నీస్ నగరంలో ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జాతో నికాహ్ అయింది. హైదరాబాద్ వచ్చింది. అందం, చీరలు, ఫోటోల గురించి ఇప్పటికీ పేపర్లు రాస్తాయి. ఆమెకు పిల్లలు పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నర్సు పని నేర్చుకుంది.

ఆమె దగ్గర రఫతున్నీసా అని ఒక పనిమనిషి ఉండేది. 1949లో కాన్పులో చనిపోయింది. చూసుకునే సౌకర్యం లేక. ఒక షహజాదీ ఇంట్లో పనిచేసే ఆడదానికే ఆ గతి పడితే గల్లీలోని ఆడవాళ్ళ హాల్ ఏమిటో ఆలోచించండి. ఆ మరణం నీలోఫర్‌ను కదిలించింది. ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి కావాలని పట్టుబట్టింది. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి 1953లో తెరుచుకుంది. అప్పటికి నిజాం రాజ్యం పోయింది, ఆమెకు తలాఖ్ అయి ఫ్రాన్స్ వెళ్ళిపోయింది. 1989లో పారిస్‌లో కన్నుమూసింది. సొంత బిడ్డ లేని ఆ తల్లి పేరు మాత్రం మన పిల్లల బర్త్ సర్టిఫికెట్ల మీద ఉంది.

నా సర్టిఫికెట్ మీద కూడా.

1980లో నేను కడుపులో పడ్డప్పుడు అమ్మీ మైకాకు పోనంది. సత్వాన్సా వద్దంది. "ఒక్క జోడా కూడా ముందు కుట్టను" అంది. అబ్బాకు స్టేషన్ ముందు సైకిల్ మరమ్మతు దుకాణం. అమ్మీ ఆయన్ని అడిగింది మూడే: నెలకోసారి నాంపల్లి దాకా రైలు టికెట్టు, రోజూ ఒక గుడ్డు, రాత్రి నొప్పులొస్తే టాక్సీ కోసం కదపకుండా పెట్టే డబ్బు. ఆ డబ్బు తవా కింద డబ్బాలో ఉండేదట. మా లింగంపల్లి మీదుగా పోయే ఈ పట్టాలు నిజాం సర్కారు వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేయించినవి, 1874లో మొదలయ్యాయి. అమ్మీ ఆ పట్టాల మీదే ప్యాసింజర్ బండిలో నాంపల్లి దిగి, రెడ్‌హిల్స్ దాకా నడిచి, పరీక్ష చేయించుకుని, సూదులు వేయించుకుని వచ్చేది. నేను నీలోఫర్‌లో పుట్టాను. పాత లుంగీ జుబ్బా వేసుకుని ఇంటికొచ్చాను. ఎనిమిదో రోజు రాత్రి అమ్మీ నిద్రపోలేదట. తొమ్మిదో రోజు తెల్లారాక నేను పాలు తాగితే, అప్పుడు ఏడ్చిందట.

డబ్బా ఎందుకిచ్చారు

ఇప్పుడు మా భాంజీ లిస్టులో ఉన్న సామాన్ గురించి. పిల్లాడి సామాన్ సర్కారు ఇవ్వడం ఫిన్లాండ్‌లో 1938లో మొదలైంది. ముందు పేద తల్లులకే, 1949 నుంచి అందరికీ. అంటే మన రఫతున్నీసా చనిపోయిన ఏడాదే. అట్ట పెట్టెలో బట్టలు, దుప్పటి, చిన్న పరుపు. పెట్టె ఖాళీ చేస్తే అదే బిడ్డకు పడక. కానీ దానికో షర్త్ పెట్టారు: నాలుగో నెల దాటకముందే తల్లి డాక్టరుకో నర్సుకో చూపించుకోవాలి. అసలు కిటుకు అదే. పెట్టె ఎర, పరీక్ష అసలు పని.

2017 జూన్‌లో పేట్లబుర్జ్ ప్రసూతి ఆసుపత్రిలో తెలంగాణ సర్కారు కేసీఆర్ కిట్ మొదలుపెట్టినప్పుడు నేను రిపోర్టర్‌గా ఆ వార్త రాశాను. 16 రకాల సామాన్: దోమతెర, చిన్న పరుపు, సబ్బు, నూనె, పౌడరు, బట్టలు, తల్లికి చీరలు. మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు. అందరూ కిట్ ఫోటో వేశారు. నేనూ వేశాను. డబ్బు ఏ లెక్కన పంచారో తక్కువమంది చూశారు. పరీక్షలు చేయించుకుంటే ఒక కిస్తు, సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే ఒకటి, మూడున్నర నెలల టీకాలకు ఒకటి, తొమ్మిదో నెల టీకాకు చివరిది. ఇక్కడా అంతే. సామాన్ చూసి రావాలి, వచ్చాక తల్లీబిడ్డా బతకాలి.

ఫలితం అంకెల్లో ఉంది. 1951 ప్రాంతంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 146 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020 నాటికి తెలంగాణలో అది 21. కాన్పుల్లో తల్లుల మరణాలు 2018-20 లెక్కలో లక్ష కాన్పులకు దేశంలో 97 అయితే, తెలంగాణలో 43. 43 కూడా ఎక్కువే, ఆ ఒక్కొక్కరూ ఒక రఫత్. ఈ తేడా తెచ్చింది ఝూలాలు కాదు. మంచాలు, సూదులు, నర్సులు, టైముకి వచ్చిన బండ్లు.

మన లింగంపల్లిలో ఇవాళ

మా బాల్కనీ నుంచి చూస్తే ఒకవైపు పట్టాలు, ఇంకోవైపు గాజు మేడలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక, 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ వచ్చాక ఈ ఊరి రూపమే మారింది. ఆ మేడల్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఆడపిల్లకు 2017 నుంచి 26 వారాల జీతంతో కూడిన కాన్పు సెలవు. అదే మేడ తుడిచే మా భాంజీకి? నేను అడిగాను: "నీ జీతం స్లిప్పులో ఈఎస్ఐ కటింగ్ ఉందా?"

"ఉంది మామూ. నెలనెలా పట్టుకునేవాళ్ళు. అదేంటో నాకు తెలీదు."

ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకు. నెలకు 21 వేల లోపు జీతం ఉండి ఈఎస్ఐ కట్టిన ఆడమనిషికి కూడా అదే 26 వారాలు. అంతకుముందు రెండు కంట్రిబ్యూషన్ కాలాల్లో 70 రోజుల వాటా కట్టి ఉండాలి. కట్టిన స్లిప్పులన్నీ ఫోన్లో ఉన్నాయి. ఆ సోమవారమే కాగితాలు తీసుకుని ఇద్దరం బ్రాంచ్ ఆఫీసుకు పోయాం. దరఖాస్తు ఇచ్చాం. వస్తే అది అప్పు కాదు, ఖైరాత్ కాదు, తన చెమట.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి బిడ్డ ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి. 2011 నుంచి సర్కారు ఆసుపత్రిలో కాన్పు ముఫ్త్. సిజేరియన్ కూడా. మందులు, పరీక్షలు, రక్తం, మామూలు కాన్పుకు మూడు రోజులు, కోత కాన్పుకు ఏడు రోజులు తిండి, రానూపోనూ బండి, అన్నీ అందులోనే. లింగంపల్లి వాళ్ళకు కొండాపూర్ ఆసుపత్రి ఉంది. ఈఎస్ఐ కార్డు ఉంటే రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పెద్ద కేసయితే ఎంఎంటీఎస్ ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే నీలోఫర్. 2015 నుంచి అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం పెడుతున్నారు. గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కూడా. మన ఆడపిల్లలు అక్కడికి పోవడానికి సిగ్గుపడతారు. "మేం అంత గరీబులమా" అంటారు. సిగ్గు దేనికి? ఫైనాన్సు వాడి ముందు నిలబడే సిగ్గు కంటే ఇది తక్కువే కదా.

పాల సీసాలు, మిషను మీద నేను గీత కొట్టేశాను. డబ్బా పాల ప్రచారాన్ని మన దేశం 1992లోనే చట్టం చేసి ఆపింది. పుట్టిన గంట లోపు ముర్రుపాలు పట్టాలి. ఒకప్పుడు మన పెద్దలు ఆ పాలు పిండి పారబోసి ఘుట్టీ, షహద్ నాకించేవారు. పెద్దల ప్రేమ మీద షక్ లేదు, కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దని డాక్టర్లు గట్టిగా చెప్తారు.

కొత్త లిస్టు

ఆ రోజు జొహర్ నమాజ్ వేళకు కొత్త కాగితం మీద మూడు గళ్ళు గీశాం. ఒకటి ముఫ్త్ వచ్చేవి. రెండు ఖాందాన్‌లో దొరికేవి. మూడు కొనాల్సినవి.

మొదటి గడిలో ఆసుపత్రి, సూదులు, టీకాలు, బండి. రెండో గడిలో గోదడీ, జుబ్బాలు, మా పెద్దోడి దోమతెర, మా ఆవిడ దగ్గరున్న చీర ఝూలా కొక్కేలు. మూడో గడిలో మెత్తటి లంగోట్ల గుడ్డ, సబ్బు, ఒక టబ్బు, రెండు కొత్త జోడాలు: 3,200. చిల్లా నలభై రోజులకు గుడ్లు, పప్పు, ఖర్జూరాలు, గోంద్, నెయ్యి: 5,000. అర్ధరాత్రి ఆటో కోసం కదపని డబ్బు: 4,000. సత్వాన్సాకు ఇంట్లోనే ఖీర్, పదిమంది ఆడవాళ్ళు, పక్కింటి నుంచి ఢోలక్: 1,500. మొత్తం 13,700. అఖీఖా ఎప్పుడు స్తోమత ఉంటే అప్పుడు. పద్దెనిమిది వేలలో ఇంకా 4,300 మిగిలింది. జామీన్ సంతకం అడగలేదు, నేను పెట్టలేదు.

మా చెల్లెలు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి, "భాయ్‌జాన్, సత్వాన్సాకి ఖీర్ నేనే వండుతా. అత్తగారింటివాళ్ళకి కూడా అదే పెడతా. ఏమంటారో చూద్దాం" అంది. గొంతులో కొంచెం కోపం ఇంకా ఉంది. ఉండనీ.

వెళ్ళేటప్పుడు భాంజీ గోదడీ సంచిలో పెట్టుకుంది. ఎర్ర జోడా చేతిలోకి తీసుకుని, "ఇది కూడా తీసుకుపోనా మామూ?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. మా ఆవిడ దాన్ని మెల్లగా తీసుకుని మళ్ళీ కాగితంలో చుట్టింది. "ముందు బిడ్డని చూడనీ బేటా. తొమ్మిదో రోజు నేనే తెచ్చి తొడుగుతా" అంది.

ఇన్షాఅల్లాహ్ ఇంకో నెల పదిహేను రోజులు ఉంది. దువా చేయండి.

ఖుదా హాఫిజ్.